అన్నీ ఎర్ర చుక్కలే

మా సంస్థలో గ్రిడ్ ప్రారంభించిన రోజున పెట్టిన పులిహోర బాగుంది. ఆ మాట ముందే చెప్పేస్తే, ఇకపై చెప్పబోయే దాంట్లో నాకు సొంత కక్షలేవీ లేవని మీరు నమ్ముతారు.

మా సంస్థ అన్నానే గానీ అందులో జీతం తీసుకునేది మా ఆయన దక్షిణామూర్తి గారు. నేను క్వార్టర్స్‌లో బి-14లో ఉంటాను. ఫిజిక్స్‌లో డిగ్రీ ఉంది. దాన్ని కుక్కర్ల మీదా మా ఆయన మీదా వాడుతుంటాను. సంస్థ పని సముద్రాన్ని గురించి పరిశోధన చేయడం. అందుకే దాన్ని సముద్రానికి ఏడు కిలోమీటర్ల దూరంలో కట్టారు, ఫైళ్లు తడవకుండా.

గ్రిడ్ అంటే ఏమిటని ప్రారంభోత్సవానికి ముందు రోజు మా ఆయన్ని అడిగాను. ఆ పథకానికి ఆయనే నోడల్ అధికారి.

"మన దగ్గర నాలుగు వందల పన్నెండు కంప్యూటర్లున్నాయి. రోజులో సగం సేపు ఊరికే వెలుగుతూ కూర్చుంటాయి. వాటన్నిటినీ కలుపుతాం. ఎవరిదైనా పెద్ద లెక్క ఉంటే దాన్ని ముక్కలు చేస్తాం. ఏ కంప్యూటర్ ఖాళీగా ఉంటే దానికి ఒక ముక్క వెళుతుంది. కొత్తగా కోట్లు పోసి పెద్ద యంత్రం కొనక్కర్లేదు."

"అంటే పక్కింటి సుగుణ గారి గ్రైండర్ ఖాళీగా ఉన్నప్పుడు నేను పిండి రుబ్బుకోవడం."

"దాదాపు."

మా ఆయన దాదాపు అన్నారంటే అచ్చంగా అదేనని అర్థం.

డైరెక్టర్ డాక్టర్ విశ్వపతి గారి గదిలో గోడంత టీవీ పెట్టారు. అందులో నాలుగు వందల పన్నెండు చుక్కలు. కంప్యూటర్ ఖాళీగా ఉంటే ఆకుపచ్చ, పనిలో ఉంటే ఎరుపు. రిబ్బన్ కత్తిరించి బోర్డు వెలిగించగానే గోడ మొత్తం నాట్లు వేసిన వరిచేనులా పచ్చగా కళకళలాడింది. అందరూ చప్పట్లు కొట్టారు. డైరెక్టర్ గారు ఒక్కరే కొట్టలేదు.

"దక్షిణామూర్తి గారూ, ఏమిటిది? ఇన్ని యూనిట్లు నిష్క్రియా స్థితిలో ఉన్నాయి?"

"అవి అందుబాటులో ఉన్నాయి సార్. మనకి కావలసింది అదే."

"ఖాళీగా ఉండటం మనకి కావాలా?"

దీనికి సరైన జవాబు 'అవును సార్'. కానీ ఆ గదిలో ఆ జవాబు చెప్పి, అదే హోదాతో బయటికి వచ్చినవాళ్లు లేరు. మా ఆయన "కాదు సార్" అన్నారు.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. "సంస్థ పరిధిలోని ఏ కంప్యూటరూ సకారణముగా గానీ నిష్కారణముగా గానీ ఖాళీగా ఉండరాదు. ఆకుపచ్చ చుక్క కనబడిన పక్షమున సంబంధిత విభాగాధిపతి మూడు పనిదినములలోగా సంజాయిషీ సమర్పించవలెను."

సంజాయిషీ రాయడంకన్నా కంప్యూటర్‌ని పనిలో పెట్టడం తేలిక. ఆ సంగతి అన్ని విభాగాలకూ ఒకేసారి తట్టింది. లైబ్రరీ కంప్యూటర్ పుస్తకాల జాబితాను అక్షరక్రమంలో పేర్చింది. పేర్చాక తలకిందులు చేసింది. చేశాక మళ్లీ పేర్చింది. ఎస్టాబ్లిష్‌మెంట్ వాళ్లు సిబ్బంది వయసులను సెకన్లలో లెక్కించడం మొదలుపెట్టారు. మనుషులు బతికున్నంత కాలం ఆ లెక్కకు అంతం లేదు. క్యాంటీన్‌లో ఏడు రకాల టిఫిన్లను వారం రోజుల్లో ఎన్ని విధాలుగా వడ్డించవచ్చో తేల్చారు. అది తొందరగా తెమిలిపోయేసరికి కంగారుపడి చట్నీలను కూడా కలిపారు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లది అందరికన్నా దూరాలోచన. లోపలికి వచ్చిన బళ్ల నంబర్లు ఎన్నో ఉండవని, రాని బళ్ల నంబర్లు ఎక్కించడం మొదలుపెట్టారు.

పంతొమ్మిదో పనిదినానికి బోర్డు మీద ఒక్క పచ్చ చుక్క లేదు. గోడంతా కుంకుమ ఆరబోసినట్టుంది. డైరెక్టర్ గారు దాని ముందు నిలబడి ఫొటో తీయించుకున్నారు. రాజధాని నుంచి బృందం వచ్చి చూసింది. నూరు శాతం వినియోగం సాధించిన గ్రిడ్ ఇంకెక్కడా లేదని ఒక షీల్డు ఇచ్చి వెళ్లింది. అది నిజమే. ఇంకెక్కడా లేదు.

నూరు సాధించిన తరువాత ప్రగతి ఎలా చూపించడం? ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో సంస్థ మా క్వార్టర్స్‌లో ముప్పై ఒక్క ఇళ్లకు ఒక్కో కంప్యూటర్ ఇచ్చింది. వాటినీ గ్రిడ్‌లో కలిపారు. ఇప్పుడు చుక్కలు నాలుగు వందల నలభై మూడు. తనిఖీకి పరిపాలనాధికారి కామరాజు గారు రిజిస్టర్ చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"మేడమ్, తమ గృహమందలి యూనిట్ పగటిపూట ఏ కార్యకలాపములో నిమగ్నమై ఉంటుందండీ?"

"పేకాటండీ."

ఆయన కలం ఆగింది.

"నేనొక్కదాన్నే ఆడుతుంటానండీ. అవతల ఎవరూ ఉండరు. మానేస్తే మా ఆయన సంజాయిషీ రాసుకోవాలి కదా అని, వంట మధ్యలో కూడా వచ్చి రెండు ముక్కలు కదుపుతున్నాను."

ఆయన కాసేపు ఆలోచించి 'నిరంతర వినియోగము' అని రాసుకున్నారు. వెళుతూ వెళుతూ వంటింట్లోకి తొంగిచూసి గ్రైండర్ రోజుకు ఎంతసేపు ఖాళీగా ఉంటుందని అడిగారు. రెండో దశలో పరిశీలనలో ఉందట. నేను ఎంతసేపు ఖాళీగా ఉంటానో కూడా అడగాలనుకున్నారు గానీ, నా చేతిలో అట్లకాడ చూసి ఆగారు. గ్రిడ్ నిబంధనల పుస్తకం ఒకటి బల్ల మీద పెట్టి వెళ్లారు.

నూకరత్నం మా ఇంటికి వచ్చింది ఆ వారంలోనే. మా ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి. సన్నగా, నల్లగా, చురుగ్గా ఉంటుంది. వస్తూనే నేల మీద కూర్చుంది. కుర్చీ వేస్తే, "వద్దండి పిన్నిగారూ, కుర్చీలో కూర్చుంటే నాకు మీటింగ్‌లో ఉన్నట్టుంటది" అంది.

ఈ పిల్లది ఇసకలపేట. సముద్రం మీదే ఉన్న ఊరు. ఒడ్డున రెండే రెండు వీధులు మిగిలాయి, ఉత్తరం వీధి, దక్షిణం వీధి. ఏటా వానాకాలంలో పోటు లేచినప్పుడు సముద్రం ఏదో ఒక పక్క కోసుకుపోతుంది. ఈసారి ఎటు కోస్తుందో ముందే తెలిస్తే ఆ వీధిని తుఫాను షెల్టర్‌కి తరలిస్తారు. షెల్టర్‌లో పట్టేది ఒక్క వీధి జనమే, వాళ్ల వలలూ సామాన్లతో సహా.

"మా పెద్దోళ్లంతా ఉత్తరమే పోద్దంటన్నారండీ, కిందటేడు అటే కోసిందని. మా అమ్మోళ్లది దక్షిణం వీధి. ఇసక మేట ఈ ఏడు జరిగిందండీ, నేను కొలిచాను. లెక్క వేస్తే గానీ ఎటో తెలీదు. ఆరు కిలోమీటర్ల ఒడ్డు, ముక్కలు చేశాను. జనవరిలో గ్రిడ్‌కిచ్చాను. ఇప్పుడు ఏప్రిలండీ."

"ఎంతవరకు వచ్చింది?"

"మొదలెట్టలేదండీ."

మా ఆయన కాఫీ గ్లాసులోకి చూస్తూ చెప్పారు. "గ్రిడ్ ఖాళీగా ఉన్న కంప్యూటర్‌కే లెక్క పంపిస్తుంది. ఏ కంప్యూటరూ ఖాళీగా లేదు."

"ఒక్కదాన్నైనా ఆపండి సారూ. ఆ చట్నీల లెక్క ఆపండి."

"ఆపితే ఆకుపచ్చ వస్తుందమ్మా. ఎందుకొచ్చిందో సంజాయిషీ అడుగుతారు."

"నా లెక్క కోసం అని రాయండి."

"నీ లెక్క అందులోకి వెళ్లడానికి పది నిమిషాలు ఖాళీగా ఉండాలి. ఆ పది నిమిషాలకి సంజాయిషీ ఏం రాయను?"

వాళ్లిద్దరూ మర్నాడు డైరెక్టర్ గారిని కలిశారు. అక్కడ జరిగింది మా ఆయన సాయంత్రం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పారు. ఆయనకు జ్ఞాపకశక్తి ఎక్కువ. ధైర్యం ఆ మేరకు తక్కువ.

డైరెక్టర్ గారు ఎంతో ఆప్యాయంగా మాట్లాడారట. "అమ్మాయీ, నీ లెక్క, అదే నీ జాబ్, మన గ్రిడ్ నిరీక్షణ జాబితాలో ఎన్నో స్థానంలో ఉంది?"

"ఒకటో స్థానమండీ."

"ఎన్నాళ్ల నుంచి?"

"తొంభై మూడు రోజులండీ."

"చూశావా! తొంభై మూడు రోజుల పాటు ప్రథమ స్థానాన్ని నిలబెట్టుకోవడం సామాన్యమైన విషయం కాదు. దక్షిణామూర్తి గారూ, ఈ అమ్మాయికి ప్రశంసాపత్రం ప్రతిపాదించండి."

ప్రశంసాపత్రం రెండు రోజుల్లో వచ్చింది. నూకరత్నం దాన్ని మా బల్ల మీద పెట్టి నేల మీద కూర్చుంది. "మా అమ్మ రాదండీ పిన్నిగారూ. ఆధారం లేకుండా ఊరకే లెగిసి రమ్మంటే రాదు. షెల్టర్ ఉత్తరం వీధోళ్లకి రాసేశారంట, జూన్ మొదటికి ఎక్కేస్తారంట" అంది.

ఆ పూట నేను పేకాట ఆడలేదు. బోర్డు మీద మా చుక్క ఏ రంగులో ఉందో పట్టించుకోకుండా, కామరాజు గారు వదిలిపెట్టిన నిబంధనల పుస్తకం చదివాను. నాలుగో పేజీ నుంచి నిద్ర వచ్చింది. పదకొండో పేజీలో పోయింది.

"ఏవండీ," అన్నాను. "మరమ్మతులో ఉన్న యూనిట్ ఇరవై ఒక్క రోజుల పాటు బోర్డు మీద చూపబడదు, అని ఉంది."

"అవును. బాగాలేని కంప్యూటర్ శాతాన్ని పాడుచేయకూడదని."

"అంటే ఆ ఇరవై ఒక్క రోజులూ అది ఖాళీగా ఉన్నా, పనిచేసినా ఎవరూ అడగరు."

మా ఆయనకు అర్థమైంది. అర్థమైనట్టు కనబడకుండా ఉండటానికి ప్రయత్నించారు. "బాగున్న కంప్యూటర్‌కి జబ్బని రాయడం మోసం కదే."

"నేనొక్కదాన్నే ఆడే పేకాటకి నిరంతర వినియోగమని మీ వాళ్లు రాసుకున్నారు. దాన్నేమంటారు?"

ఆయన ఆ రాత్రి భోజనంలో మజ్జిగ రెండుసార్లు పోసుకున్నారు. అంగీకారాన్ని ఆయన అలాగే తెలియజేస్తారు.

పక్కింటి సుగుణ గారికి చెబితే చాలు, మిగతా ఇళ్లకు నేను తిరగనక్కర్లేదు. నాలుగు రోజుల్లో క్వార్టర్స్‌లోని ముప్పై ఒక్క కంప్యూటర్లూ జబ్బుపడ్డాయి. ఫిర్యాదు పత్రంలో లక్షణాలు రాయాలి. ఒకరిది తెర మసకబారింది, ఒకరిది ఉలిక్కిపడుతోంది. ఎదురింటి రజియా గారు, "మా కంప్యూటర్ ముభావంగా ఉంటోంది" అని రాశారు. కామరాజు గారు ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. మరమ్మతుల రిజిస్టర్ అంత చురుగ్గా ఎప్పుడూ లేదని సంతోషించారు. చెడిపోయినవాటిని చూడటానికి ఎవరూ రాలేదు. ఇరవై ఒక్క రోజుల లోపల వస్తారన్న భయం కూడా మాకు లేదు.

నూకరత్నం ఒడ్డుని ముప్పై ఒక్క ముక్కలు చేసి, ఇంటింటికీ తిరిగి ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కో ముక్క ఎక్కించింది. ఇంటికి రెండు వందల మీటర్ల ఒడ్డు. ఒక ముక్క అంచున నీరు ఎంత లేచిందో పక్క ముక్కకి తెలియాలి. కాబట్టి రోజూ పదకొండింటికి పెన్‌డ్రైవ్ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లాలి. మా క్వార్టర్స్‌లో ఆ వేళకి పెరుగు తోడు గిన్నె ఎలాగూ తిరుగుతుంది. పెన్‌డ్రైవ్‌ని మూత మీద పెట్టి పంపించేవాళ్లం.

వారం తిరిగేసరికి ఎవరి ఒడ్డు వాళ్లకి సొంత పొలమైపోయింది.

"మీ వైపు నుంచి నీళ్లు మా మీదికి తోస్తున్నారేంటండీ సుగుణ గారూ?" అని రజియా గారు పిట్టగోడ మీంచి అడిగేవారు.

"నేను తోయడమేంటండీ తల్లీ, మాకు పై నుంచి వస్తున్నది మీకు పంపిస్తున్నాను. ఆ బి-14 వాళ్లనడగండి, వాళ్ల దగ్గర ఇసక మేట అంతా దాచుకున్నారు."

"మా ఇసక జోలికి రాకండి," అని నేను వంటింట్లోంచి అరిచేదాన్ని. "ఆ మేట లేకపోతే మా వెనకాల స్కూలు మునుగుతుంది."

నిజంగానే నా ముక్కలో ఒక స్కూలు ఉంది. తెర మీద అదొక చిన్న చదరం, అంతే. ఐనా రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకునేదాన్ని. పేకాట కన్నా బాగుంది.

తొమ్మిదో రోజున లెక్క తేలింది. ముప్పై ఒక్క ముక్కలూ నూకరత్నం మా బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పరిచింది. ఉత్తరం వైపు ఒడ్డు నిలబడింది. దక్షిణం వీధి లేదు. రెండు వందల మీటర్ల ముక్క ఒకటి మొదటి చివర నుంచి రెండో చివర దాకా నీలం రంగులో ఉంది. అది సుగుణ గారి ముక్క. ఆవిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నేనేం చేశానండీ, దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు" అన్నారు.

నూకరత్నం అక్కడే వాళ్లమ్మకి ఫోన్ చేసింది. ఆవిడ మసేనమ్మ, దక్షిణం వీధి వార్డు మెంబరు. స్పీకర్‌లో పెట్టక్కర్లేకుండానే మాకందరికీ వినిపించింది.

"ఏటే, దక్షిణమేటే? అందరూ ఉత్తరమంటంటే నీకు మాత్తరం దక్షిణం కనబడిందా? ఎవులు సెప్పేరే నీకు?"

"లెక్క చెప్పిందే అమ్మా. ముప్పై ఒక్క కంప్యూటర్లు చెప్పినాయి."

"ఆపీసోళ్ల కంపూటర్లా?"

నూకరత్నం మా వైపు చూసింది. "కాదే. ఆడోళ్లవి. ఇళ్లల్లో ఉన్నయ్యి."

"ఆపీసోళ్లవైతే ఇనను గానీ," అంది మసేనమ్మ. "ఇంతమంది ఆడోళ్లు తొమ్మిది రోజులు కూకుని సూసేరంటే... సరేలే. ఉత్తరపోళ్లతో నేను మాటాడతాను. తిడతారు. తిట్టనీ."

తిట్టారు. రెండు రోజులు తిట్టారు. మూడో రోజున షెల్టర్ ఒప్పందం మారింది. మే నెలాఖరుకి దక్షిణం వీధిలోని ఇరవై ఆరు కుటుంబాలూ వలలతో, కోళ్లతో, టీవీలతో షెల్టర్ ఎక్కాయి.

ఇంత పని జరిగాక సంస్థకి తెలియకుండా ఎలా ఉంటుంది? పత్రికలో నాలుగు వాక్యాలు వచ్చాయి. డైరెక్టర్ గారు కమిటీ వేశారు. కమిటీ ముందు మా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"నిరీక్షణ జాబితాలో ప్రథమ స్థానంలో ఉన్న జాబ్ ఫలితం ఎలా వెలువడింది?" అన్నారు డైరెక్టర్ గారు. "జాబితాలో ఇంకా ప్రథమ స్థానంలోనే ఉందే?"

కామరాజు గారు రిజిస్టర్ తెరిచారు. "సార్, సదరు లెక్కను నిర్వహించిన ముప్పై ఒక్క యూనిట్లూ ఆ తేదీలలో మరమ్మతులో ఉన్నట్టు నమోదై ఉన్నది. మరమ్మతులో ఉన్న యూనిట్ పనిచేయజాలదు."

"కాబట్టి?"

"కాబట్టి ఈ లెక్క జరగలేదు సార్."

కమిటీ అందుకు ఏకగ్రీవంగా ఒప్పుకుంది. ఇసకలపేట పంచాయతీకి ఉత్తరం వెళ్లింది. నూకరత్నం ఫలితాన్ని రద్దు చేయడమైనదనీ, గ్రిడ్ ద్వారా అధికారిక ఫలితం వెలువడే వరకు దక్షిణం వీధి యథాతథ స్థితిలో ఉన్నట్టు పరిగణించవలెననీ, షెల్టర్‌ని ఖాళీ చేయించి తదనుగుణంగా ధ్రువీకరణ పంపవలెననీ అందులో ఉంది. సంతకం పెట్టించడానికీ, నంబరు వేయించడానికీ, సరైన కవరు దొరకడానికీ ఆరు వారాలు పట్టింది. మా సంస్థ జనానికి చేసిన మేళ్లలో ఆ ఆరు వారాలను మొదట చెప్పుకోవాలి.

ఆ కవరు పోస్టులో ఉండగా ఆషాఢ అమావాస్య వచ్చింది. సముద్రం తెల్లవారుజామున లేచి, మధ్యాహ్నం భోజనాల వేళకల్లా దక్షిణం వీధిని ఈ చివర నుంచి ఆ చివర దాకా తీసుకుపోయింది. సుగుణ గారి ముక్కలో ఎక్కడ నీలం ఆగిందో సరిగ్గా అక్కడే ఆగింది. మనిషి కాదు కదా, కోడి కూడా పోలేదు. నూకరత్నం ఫోన్‌లో ఆ మాట చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. నేను పొయ్యి ఆపేసి విన్నాను.

పంచాయతీ జవాబు పది రోజుల తరువాత వచ్చింది. చెప్పింది మసేనమ్మ, రాసింది పంచాయతీ కార్యదర్శి. మా ఆయన దాన్ని నకలు తీసి ఇంటికి తెచ్చారు.

"అయ్యా, దక్షిణం వీధి యథాతథ స్థితిలో ఉన్నట్టు పరిగణించవలెనని తమరు పంపిన ఉత్తరం ముట్టినది. తమరు పెద్దలు, ఉన్నదని అంటే ఉన్నదనే అనుకుంటాము. షెల్టర్ మాత్రం ఖాళీ చేయము. వీధిని స్వయముగా తనిఖీ చేసి ధ్రువీకరణ రాసుకొనుటకు తమ అధికారిని పంపవలెను. సదరు అధికారికి ఈత వచ్చి ఉండవలెను."

మా సంస్థలో సముద్రం మీద పనిచేసే శాస్త్రవేత్తలు అరవై ఇద్దరు. వారిలో ఎవరెవరికి ఈత వచ్చునో మూడు పనిదినములలోగా తెలియజేయవలెనని సర్క్యులర్ వచ్చింది. మా ఆయన మూడు రోజులూ ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చుని, చివరికి 'రాదు' అని రాసి, కింద సంతకం పెట్టారు.

ఈ ఏడాదిలో ఆయన సంస్థకు రాసిచ్చిన కాగితాల్లో పచ్చి నిజం అదొక్కటే.